బెండు మునిగేదాక

మా మనవరాలు ఆన్‌లైన్ల గాలం తెప్పించింది. గొడుగు లెక్క మడతవెట్టే గాలం. దాంతోపాటు ప్లాస్టిక్ చేపపిల్లలు, నీళ్ల మీద తేలే రంగురంగుల బెండ్లు. ఫోన్ల ఎవలో ఒకాయన చెరువు ఒడ్డుకు నిలవడి, కొత్తగ చేపలు వట్టేటోళ్లు ఏమేం చెయ్యాల్నో చెప్తుంటే అది నా పక్కకు కూసోని చూస్తున్నది. "అన్నిటికంటే ముందు ఓపిక కావాలి" అన్నడు ఆయన. అనంగనే నేను లేసి వాకిట్లకు పోయిన.

"ఎటు వోతున్నవే అమ్మమ్మా? ఇప్పుడే గద కూసున్నవ్."

"కాళ్లు గుంజుతున్నయి" అన్న. కాళ్లేం గుంజలే.

"నీకు చేపలు వట్టుడు వచ్చా?"

"ఓపిక తప్ప అన్నీ వచ్చు."

అది నవ్వింది. నేను నవ్వుకు అనలే.

నాకు అక్షరాలు నా పిల్లల పెండ్లిళ్లు అయినంక వచ్చినయి. రాసింది కొట్టేసి మళ్ల ఇంకో తీరుగ రాసుడు నాతోని కాదు. గుర్తొచ్చింది గుర్తొచ్చినట్టు రాస్త.

మేము గోదావరిఖనిల బాయి క్వార్టర్ల ఉండేటోళ్లం. బొగ్గుబాయిని మా దిక్కు బాయి అనే అంటం. అప్పటికి ఊరు ఇంక సగం అడివే. క్వార్టర్ల లైను ముందట ఒక నల్లా, నల్లా కాడ మోరీ, మోరీ దాటితే తుప్పలు, తుప్పలు దాటితే చెరువు. పొద్దుమూకంగ ఇంటింటికి బొగ్గుల పొయ్యి రాజేసి, పొగ పోయేదాక వాకిట్ల వెడుతుండిరి. లైను మొత్తం పొగ. ఎదురుంగ వచ్చేటోళ్ల మొఖం కానరాకపోయేది. దగ్గును వట్టి ఎవలో చెప్తుంటిమి. ఎవలింట్లనూ గడియారం లేకుండె. సైరనే గడియారం. సైరన్ కూస్తె ఒక షిఫ్టు లోపలికి, ఒక షిఫ్టు బయటికి. ఎసరు వెట్టుడు, నీళ్లు వట్టుడు, పిల్లల వీపు రుద్దుడు, అన్నీ దాని మీదనే నడిచేటియి.

మా బాపు టింబర్ పని చేసేటోడు. బాయిల పైకప్పు కూలకుండ కట్టె దుంగలు నిలవెట్టే పని. జోడీగ చేసే పని అది, ఒక్కనితోని కాదు. నాకు తెలివి వచ్చిన కాన్నుంచి బాపుకు ఒక్కడే జోడీదారు. మా ఇంట్ల సగం పండుగలు ఆయన తిన్నయే.

నేను చిన్నపోరిగ ఉన్న ఒక యాడాది, వానలు ఎనకవట్టే రోజుల్ల కప్పు కూలింది. ముందుగాల ఒక దుంగ కిర్రుమన్నదట. బాపు ఉరికిండు. జోడీదారు గూడ ఉరుకబోయి, రంపం మరిచిపోయిన్నని వంగిండట. అంతే. ఆ సంగతి బాపు ఇంట్ల ఒక్కసారే చెప్పిండు. చెప్పినంతసేపు ఆయన కుడిచెయ్యిని ఎడమచెయ్యితోని గట్టిగ వట్టుకోని ఉన్నడు.

తర్వాత బాపు డ్యూటీకి పోలె. పోననలే, పోలె. పొద్దుగాల సైరన్ కూయంగనే తయారయ్యేటోడు. టిఫిన్ వట్టుకోని లైను చివరి మలుపు దాక పోయేటోడు. ఆడ నిలవడి, ఏదో మరిచిపోయినట్టు ఎనకకు మర్లేటోడు. ఒక దినం కడుపుల నొప్పి, ఒక దినం తల తిరుగుడు. దవాఖానల ఇచ్చిన సెలవులు ఒడిసినయి. నొప్పులు ఒడువలె. బాయికి కట్టిచ్చిన టిఫిన్ మా వాకిట్లనే, బండ మీద కూసోని తినేటోడు.

ఇంట్లకు వస్తే ఇంకో కథ. బాయిల కప్పు గట్టిదా కాదా అని కట్టెతోని కొట్టి చూస్తరు. గట్టిదయితె ఖంగుమంటది. బోలుగుంటె డొల్లగ మోగుతది, దాని కింద నిలవడరు. బాపు బువ్వ తినే ముందు కట్టె తీసుకోని ఇంటి దూలాన్ని కొట్టి చెవివెట్టి ఇనేటోడు. దూలం మీది దుమ్మంత కూరల వడేది.

"ఇది బాయి కాదు, ఇల్లు" అనేది మా అవ్వ. అవ్వ అంటే నన్ను కన్నతల్లి. "కూలితె నా నెత్తి మీద కూలనియ్యి. నువ్వయితె బువ్వ తిను."

మాకు పక్క క్వార్టరు ఒక తురకామెది. లైను మొత్తం ఆమెను ఖాలా, అంటే చిన్నమ్మ, అనేది. ఖాలా పెనిమిటి బాయి మీద ల్యాంపు రూముల పనిచేసేటోడు. బాయిల దిగేటోళ్లకు టోపీ లైటు ఇచ్చుడు, ఎక్కొచ్చినంక తీసుకోని ఛార్జింగు వెట్టుడు ఆయన పని. ఎవల లైటు వాళ్లకే, ఎవల కొక్కెం వాళ్లకే. షిఫ్టు ఇడిసినంక ఒక కొక్కానికి లైటు రాలేదంటే, ఆ మనిషి ఇంక కిందనే ఉన్నట్టు.

ఒక దినం ఖాలా నోట్ల తంబాకు వెట్టుకోని మా గడప మీదికి వచ్చింది.

"ఏం తమ్మీ, నీ లైటు రోజూ ఛార్జింగు ఎక్కుతున్నది, రోజూ ఉత్తగనే దిగుతున్నది. మా ముసలాయన నీ కొక్కెం ఇంకొకనికి ఇయ్యకుండ కాపాడుతున్నడు. ఈ నెల దాటితె ఆయన చేతుల గూడ ఉండదట. ఆఫీసోళ్లు చెప్పిండ్రట."

బాపు నోరు తెరిచేలోపు అవ్వనే అందుకున్నది. "చెప్పు ఖాలా, చెవులవడేటట్టు చెప్పు. లైటు వోతె పేరు వోతది, పేరు వోతె ఈ క్వార్టరు వోతది. ఊళ్లె మనకు ఏమున్నది? భూమి ఉన్నదా, జాగ ఉన్నదా? పోరిని తీసుకోని ఏ చెట్టు కిందికి వోవాలె?"

"నేను పోనన్ననా?" అన్నడు బాపు.

"అనవు. మలుపు దాక వోయి వస్తవు."

ఖాలా మోరీల ఉమ్మి వచ్చింది. "రేపు నాతోని చెరువుకు రా తమ్మీ. నీ కూతురిని గూడ తీసుకరా. కూసుంటె లేస్తున్నవు, లేస్తె తిరుగుతున్నవు. ముందుగాల కూసునుడు నేర్సుకో. కూసునుడే రానోనివి బాయిల ఏం దిగుతవు?"

"చేపలు వడితె లైటు నిలుస్తదా ఖాలా?" అన్నది అవ్వ.

"లైటుది నాకు తెల్వదు. కూర అయితె వస్తది."

ఆడిమనిషి గాలం వట్టుకోని ఒడ్డుకు కూసునుడు మా లైన్ల ఖాలా ఒక్కతే. చూసి నవ్వేటోళ్లు నవ్వేది. ఆమె వాళ్ల దిక్కు చూడకుండనే ఒక తిట్టు తిట్టేది.

మా మనవరాలి ఫోన్ల ఆయన చెప్పినయన్నీ ఖాలా ముందే చెప్పింది, ఇంకో తీరుగ. పొద్దును మొఖం మీద వెట్టుకోని కూసోవాలె, నీడ నీళ్ల మీద వడితె చేప దగ్గరికి రాదు. ఎర్రలు నల్లా మోరీ కాడ, గుడ్డలుతికే బండ కింద తవ్వాలె, ఆడ మన్ను ఎప్పుడు తడిగుంటది. ఎర్రను గాలానికి నిలువునా ఎక్కియ్యాలె, కొన మాత్రం జర మెదులుతుండాలె. ఎక్కిచ్చినంక ఖాలా బిస్మిల్లా అని దాని మీద తుప్పుమని ఉమ్మేది. నన్ను గూడ ఉమ్మమనేది. నేను బిస్మిల్లా అనాల్నా వద్దా అని అడిగితె, "ఎవల దేవుణ్ని వాళ్లు తలుసుకోండ్రి, ఉమ్మి మాత్రం వెయ్యాలె" అన్నది. జెల్ల చేప వడితె ఉత్తచేత్తోని వట్టొద్దు, మెడకాడ ముండ్లుంటయి, కుచ్చుకుంటె చెయ్యి తెల్లారేదాక సలుపుతది. ఒడ్డుకు పెద్దగ నడువొద్దు. చేప చెవులతోని ఇనదు, కడుపుతోని ఇంటది అనేది.

గాలం కట్టె కంక బొంగుది. తంగూసు దారం అంగట్ల కొన్నది. బెండు జొన్నదంటుది. బెండును దారానికి కట్టే తీగె మాత్రం బాయిదే. బొగ్గు పేలిచ్చినంక మిగిలే ఎర్రటి, పసుపుపచ్చటి సన్నటి వైరు అది. అందరిండ్లల్ల ఉండేది. మా గాజులు దాంతోనే, బుట్టలు దాంతోనే, అవ్వ కొప్పు సుట్టూ దాంతోనే.

ఎర్రలు తెచ్చే పని నాది. డబ్బా దొరకక ఒకనాడు బాపు టిఫిన్ల మీది గిన్నెల తడిమన్ను వోసి దాంట్ల ఏసిన. మల్ల మరిచిపోయిన. తెల్లారి అవ్వ కూర వెడుదామని మూత తీసింది. ఆ కేక లైను చివరిదాక వోయి ఉంటది.

"బాయికి వోయే గిన్నెల పురుగులు వెట్టినవే ముదనష్టపుదానా."

"బాయికి వోతనే లేదు గద" అన్న నేను.

అవ్వ చెయ్యి లేపింది. బాపు నవ్విండు. కప్పు కూలినంక ఆయన నవ్వుడు అదే మొదలు. అవ్వ చెయ్యి అట్లనే గాలిల ఆగింది. తర్వాత ఆ గిన్నెను బూడిదతోని ఎన్నిమార్లు తోమిందో, అంతమార్లు నన్ను తిట్టింది.

చెరువు కాడ బాపుకు చేప వడలె. బెండు జర వణికితె చాలు, గుంజుతుండె. గాలం ఉత్తగ వచ్చేది. మల్ల ఎర్ర, మల్ల వణుకు, మల్ల గుంజుడు.

"తమ్మీ, నువ్వు చేపలు వడుతలేవు. చేపలకు అన్నదానం చేస్తున్నవు" అనేది ఖాలా. "వణికితె అది వాసన చూస్తున్నట్టు. పక్కకు జరిగితె మూతి వెట్టినట్టు. బెండు మునగాలె. మునిగినంక గుంజు. నీ కూతురు రెండు చిన్న పరకచేపలు వట్టింది, నీ చేతుల ఉన్నదేంది? గుర్రాన్ని తోలినట్టు గుంజుతున్నవు."

బాపు కట్టె కింద వెట్టిండు. "ఖాలా, నాకు బాయిల దిగిన తొలినాడే నేర్పిన ముచ్చట ఒక్కటే. కదిలితె ఉరుకు. ఏం కదిలిందని చూడకు, ఎందుకు కదిలిందని అడుగకు. నేను ఉరికిన. వాడు ఆగిండు."

ఖాలా తంబాకు నములుడు ఆపింది. ఉమ్మేసి అన్నది. "కింద కదిలితె ఉరుకు. ఎవలు వద్దన్నరు? ఇది నీ నెత్తి మీద లేదు తమ్మీ, నీ కాళ్ల ముందట ఉన్నది. చేప మీద వడి ఎవలన్న సచ్చిండ్రా?"

బాపుకు కూసునుడు రాకపోవటానికి ఇంకో కారణం ఉండె. పగటిపూట బాయిల బొగ్గు పేలుస్తరు. ఒడ్డు కింద ఎక్కడనో దబ్బుమనేది. పెద్ద సప్పుడు కాదు. కూసున్న జాగ వణికేది, నీళ్ల మీద పాల మీగడ లెక్క సన్నటి ముడుతలు వచ్చేటియి. చేపలు కొంచెంసేపు ఎర్ర ముట్టకపోయేది. ఆ యాళ్లకు గాలం వెయ్యకుండ్రి, ఉత్తగ ఎర్రలు కరాబు అనేది ఖాలా. కని బాపుకు ఎర్రల ఫికర్ లేకుండె. దబ్బుమనంగనే కట్టె ఇడిసేసి కట్ట ఎక్కి రోడ్డు మీద నిలవడుతుండె. ఒకపారి కట్టె నీళ్లల్లకు కొట్టుకపోతె నేను నడుములోతు దిగి తెచ్చిన.

నెల ఒడుస్తున్నది. ఆ మాట ఇంట్ల ఎవలం అంటలేం. అవ్వ గిన్నెలు గట్టిగ వెడుతున్నది, అంతే.

ఒకనాడు ఖాలా ఎర్రలు తేవద్దన్నది. చిన్న కప్పను వట్టి తెమ్మన్నది. "పరకలు చాలు. ఇయ్యాల కొర్రమట్టకు ఏద్దాం" అని తుంగ పక్కపొంటి జాగ చూపిచ్చింది. కొర్రమట్ట నల్లటి చేప, తల పాము లెక్క ఉంటది, బలమైంది. బాలింతలకు, రోగం నుంచి లేసినోళ్లకు దాని పులుసు వోస్తరు.

"ఇది దొంగది తమ్మీ. కప్పను నోట్ల వెట్టుకోని తుంగలకు ఉరుకుతది. అప్పుడు గుంజితె కప్ప నీ చేతికి వస్తది, చేప రాదు. బెండు మునిగినా గుంజకు. దారం ఇడువు. ఇడుసుకుంట వో. అది ఆగుతది. ఆగి మింగుతది. మల్ల కదులుతది సూడు, అప్పుడు గుంజు."

కప్పను ఏసినం. ఎండ వీపు మీద ఎక్కుతున్నది. తుంగ వాసన, బురద వాసన, దూరంకెల్లి బొగ్గు పొగ వాసన. బాపు ఒకపారి లేసిండు, ఖాలా దిక్కు చూసి మల్ల కూసున్నడు. బెండు మునిగింది. బుడుంగున మునిగింది, నీళ్లు మూసుకున్నయి. బాపు చెయ్యి ఎగిరింది. ఎగిరి, మధ్యలనే నిలిచింది. దారం ఇడిసిండు. దారం తుంగలకు సర్రున వోయింది. వోయి ఆగింది.

అప్పుడే కింద దబ్బుమన్నది.

నేను నీళ్ల దిక్కు చూడలే. బాపు కాళ్ల దిక్కు చూసిన. వేళ్లు బురదలకు దిగవడ్డయి. ఒక కాలు లేసింది. మడిమెకు అంటిన మన్ను జారి నీళ్లల్ల వడ్డది.

"ఆగు బాపూ" అన్న నేను. నాకే ఇనవడనంత మెల్లగ అన్న.

కాలు దిగింది. నీళ్ల మీది ముడుతలు ఒడ్డుకు వచ్చి తగిలి పోయినయి. దారం అట్లనే ఉన్నది. మేం ముగ్గురం అట్లనే ఉన్నం. మల్ల దారం కదిలింది, నిమ్మలంగ, తోవ తెలిసిన మనిషి నడిచినట్టు. బాపు గుంజిండు.

చేప నా చెయ్యంత ఉండె. ఒడ్డు మీద ఎగిరెగిరి వడ్డది. బాపు దాని మీద వడ్డడు. ఇద్దరు బురదల దొర్లిండ్రు. ఖాలా నవ్వి నవ్వి తంబాకు మింగి దగ్గుకుంట, "అయ్యో తమ్మీ, చేప మీద వడి సచ్చేటట్టున్నవు గద" అన్నది.

అవ్వ దాన్ని బూడిదవెట్టి బండ మీద రుద్దింది. ఉల్లిగడ్డలు బొగ్గుల మీద కాల్చి, ఎల్లిపాయ, మెంతులు ఏసి నూరింది. మట్టికుండల చింతపులుసు తుకతుక మసులుతుంటె లైన్ల పిల్లలందరు మా వాకిట్లకు చేరిండ్రు. తల, తోక ఖాలా ఇంటికి వోయినయి, ఆమెకు తలనే ఇష్టం. బాపు లోపలికి వచ్చి కూసున్నడు. అవ్వ అలవాటుగ కూర గిన్నె మీద చెయ్యి అడ్డం వెట్టింది, దూలం మీది దుమ్ము వడుతదని. బాపు కట్టె ముట్టలె. అవ్వ చెయ్యి చాలాసేపు అట్లనే ఉన్నది.

తెల్లారి సైరన్ కూసింది. బాపు టిఫిన్ వట్టుకోని పోయిండు. నేను నల్లా కాడ నిలవడి చూసిన. మలుపు కాడ ఆగలె.

ఈడికి అయిపోతె మంచిగుండు. నాకు ఆడనే మొదలైంది.

సద్దుమణిగినంక నాకు ఒక ఆలోచన వట్టుకున్నది. బాపుకు ఆగుడు నేర్పినం. ఆ చెయ్యి గుంజుడు మరిచిపోయింది, ఆ కాలు ఉరుకుడు మరిచిపోయింది. రేపు బాయిల దుంగ కిర్రుమంటే? బెండు మునిగేదాక చూసినట్టు చూస్తె? నాకు బువ్వ వోకపోయేది. సైరన్ కూసేదాక లోపలికి బయటికి తిరుగుతుంటి. ఉండబట్టలేక ఖాలాను అడిగిన.

"బాపు ఆడ గూడ ఆగితె ఎట్ల ఖాలా?"

ఖాలా నా దిక్కు చూసింది. "వో, ఎర్రలు తవ్వుకరావో" అన్నది. నేను తవ్వుకొచ్చేదాక ఆమె గాలం ఏసి లేదు, ఉత్తగనే కూసోని ఉన్నది.

చలి ముదిరినంక ఒక పగటిపూట, యాళ్ల కాని యాళ్లల సైరన్ కూసింది. లైను మొత్తం ఇండ్లల్లకెల్లి బయటవడ్డది. పొయ్యిమీది గిన్నెలు పొయ్యి మీదనే ఉన్నయి. అవ్వ చెప్పులు లేకుండ ఉరికింది. నేను అవ్వకంటె ముందు ఉరికిన. బాయి గేటు కాడ ఆడోళ్లు, పిల్లలు. ఎవలు ఏడుస్తలేరు, అందరు లోపలికే చూస్తున్నరు. నేను సందులకెల్లి దూరి ల్యాంపు రూము దిక్కు పోయిన.

బాపు ల్యాంపు రూము మెట్టు మీద కూసోని ఉన్నడు. ఒంటి మీద బనీను ఒక్కటే. కాళ్లకు బూట్లు లేవు. గొడ్డలి లేదు, రంపం లేదు, టిఫిన్ లేదు. నెత్తి మీది లైటు తీసి ఖాలా పెనిమిటి చేతుల వెడుతున్నడు. ఆ ముసలాయన దాన్ని కొక్కానికి తగిలిచ్చి, తగిలిచ్చినంక గూడ చెయ్యి తియ్యలె.

కప్పు మల్ల కూలిందట. ఎవలకు ఏం కాలె. బాపు కేకవెట్టుకుంట ముందు ఉరికితె మిగిలినోళ్లు ఎనక ఉరికిండ్రట.

"ఆగలేదా బాపూ?" అన్న.

ఆయనకు నా ఫికర్ ఎప్పుడు ఎట్ల తెలిసిందో నాకు తెల్వదు. "చేప కాడనే ఆగుతరు బిడ్డా" అన్నడు. నా నెత్తి మీద చెయ్యి వెట్టిండు.

అవ్వ వచ్చింది. బాపును పైకెల్లి కిందికి చూసి అన్నది. "టిఫిన్ యాడ వెట్టినవ్?"

"ఆడనే ఉన్నది."

"వోనీ" అన్నది అవ్వ. "దాంట్ల ఇంక ఎర్రల వాసన వోనే లేదు."

ఆ చెరువు ఇప్పుడు లేదు. ముందుగాల నీళ్లు కిందికి గుంజుకవోయినయి, తర్వాత భూమిని పైకెల్లే తవ్వే ఓపెన్‌కాస్ట్ బాయి వచ్చింది, తర్వాత దాని మన్ను తెచ్చి గుట్టగ వోసిండ్రు. ఆ గుట్ట మీద ఇప్పుడు చెట్లు వెట్టిండ్రు. ఖాలా కూసునే తుంగ ఆ గుట్ట కింద ఏ మూలకు ఉన్నదో నేను చెప్పలేను. బాపు సర్వీసు మొత్తం చేసి, లైటు ఇచ్చేసి, ఇంట్ల మంచంల పోయిండు. ఆయన పోయినంక అవ్వ ఆ దూలం కొట్టే కట్టెను పారెయ్యలె, తలుపు ఎనక వెట్టింది.

మొన్న మనవరాలితోని గోదావరి బ్యారేజీ ఒడ్డుకు పోయిన. పొద్దు మొఖం మీద వడేటట్టు కూసోవెట్టిన, ఎర్ర ఎక్కిచ్చుడు చూపిచ్చిన, ఉమ్మిచ్చిన. అది ఛీ అనుకుంటనే ఉమ్మింది. గాలం జరసేపు నన్ను వట్టుకొమ్మని ఇచ్చింది.

బెండు జర వణికింది.

"ఆగు అమ్మమ్మా" అన్నది అది.

నా చెయ్యి ఆగలె. గాలం ఉత్తగ వచ్చింది, ఎర్ర సగం లేదు.

"మునగనే లేదు గద. ఎందుకు గుంజినవ్?"

"కదిలింది" అన్న.

అది నా దిక్కు వింతగ చూసి, డబ్బాలకెల్లి ఇంకో ఎర్ర తీసింది.